రథి ఎవరు? — భద్రాద్రి అడవిదారిలో నాలుగు వాహనాలు

వహించునది వాహనం. ‘వహ్’ అనే ధాతువు నుండి పుట్టిన ఈ పదంలో మోసేది, మోయబడేది అనే రెండు పక్షాలు అంతర్లీనంగా ఉన్నాయి. మోసేది ఏది, మోయబడేవాడు ఎవడు అనే ప్రశ్న లౌకికదృష్టికి స్వల్పంగా తోచవచ్చు. కాని వేదాంతవిచారం చాలావరకు ఈ ప్రశ్న చుట్టూనే పరిభ్రమిస్తుంది. కఠోపనిషత్తులో యమధర్మరాజు నచికేతునికి ఆత్మతత్త్వాన్ని బోధించడానికి ఎన్నుకొన్న ఉపమానం రథమే. శరీరం రథం, బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు, శబ్దస్పర్శాది విషయాలు ఆ గుర్రాలు పరుగెత్తే దారులు. ఆత్మ మాత్రం రథంలో ఆసీనుడైన రథి. గుర్రాలు పోయి ఇంజను వచ్చినది, పగ్గం పోయి స్టీరింగు వచ్చినది. ఉపమానం మాత్రం చెక్కుచెదరలేదు. ఖమ్మం, భద్రాచలాల నడుమ ఉన్న అడవి అంచున యాభై సంవత్సరాలు వైద్యవృత్తిలో గడిపిన ఒక వృద్ధుడు తన వాహనాలను స్మరించుకొన్న తీరును పరిశీలిస్తే ఈ విషయం స్పష్టమౌతుంది.

ఆ భూమికి వాహనంతో ఉన్న సంబంధం పురాణకాలం నాటిది. భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో దుమ్ముగూడెం మండలంలో పర్ణశాల ఉన్నది. సీతారామలక్ష్మణులు వనవాసకాలంలో అక్కడ నివసించారని స్థలపురాణం. రావణుడు తన రథాన్ని ఆవలిగట్టు కొండపై నిలిపి వచ్చాడని అక్కడివారు నేటికీ చెప్పుకొంటారు. భద్రాచలానికి అతిసమీపంలోని ఏటపాక జటాయువు రావణుని ఎదిరించిన చోటని మరొక ఐతిహ్యం. వాల్మీకి అరణ్యకాండను అనుసరిస్తే, ఆ వృద్ధపక్షి రావణుని రథాన్ని విరిచినది, సారథిని కూల్చినది. అయినను రావణుడు ఆగలేదు. రథం విరిగినది గాని మోహం విరగలేదు. ఆ అడవిలో శ్రీరాముడు మాత్రం కాలినడకనే సంచరించాడు. వాహనం ఉన్నవాడు దారి తప్పడం, పాదచారి ధర్మమార్గంలో నిలవడం, ఈ రెండింటినీ ఆ నేల ఒకేసారి చూచినది. వాహనం స్వతహాగా మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అందులో కూర్చున్న వాని సంకల్పమే దానికి గుణాన్ని ఇస్తుంది.

ఆధునికకాలంలోనూ అక్కడ వాహనం విలాసవస్తువు కాదు. భద్రాచలం పట్టణానికి రైలు లేదు. ‘భద్రాచలం రోడ్’ అని పిలువబడే స్టేషను నిజానికి సుమారు 40 కిలోమీటర్ల దూరాన కొత్తగూడెంలో ఉన్నది. 1965లో అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గోదావరిపై వంతెనను ప్రారంభించేవరకు యాత్రికులు పడవలపైనే నదిని దాటేవారు. ఉపనిషత్తులకు ప్రపంచప్రసిద్ధమైన ఆంగ్లవ్యాఖ్య రచించిన తత్త్వవేత్త చేతుల మీదుగా ఆ దారి తెరుచుకొనడం సంతోషకరమైన యాదృచ్ఛికం. వంతెన వచ్చిన తరువాత ఖమ్మం నుండి వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వరకు దాదాపు 120 కిలోమీటర్ల రోడ్డుమార్గం అవిచ్ఛిన్నమైనది. రోగికైనా, భక్తునికైనా, తునికాకు వ్యాపారికైనా అదే ప్రాణనాడి.

ఆ వైద్యుడు వరంగల్లులోని కాకతీయ వైద్యకళాశాలలో విద్య ముగించుకొని 1974లో భద్రాచలం చేరారు. అప్పటికి ఆయన వయస్సు 26. మూడు సంవత్సరాల తరువాత ఎవరో వాడి వదిలిన ఒక జీపును కొన్నారు. విల్లీస్ నమూనాలో మహీంద్రావారు తయారుచేసిన వాహనం అది. తలుపులు లేవు. పైన కాన్వాసు గుడ్డ, ముందుకు మడిచే అద్దం, ఎండకు కాలే సీట్లు. చర్ల, వెంకటాపురం వైపు గూడేలకు ఆయన వెళ్ళినది ఆ జీపులోనే. వేసవిలో విప్పపూల వాసన, వర్షాకాలంలో బురద, రెండూ నిరాటంకంగా లోపలికి వచ్చేవి.

జీపుతో పాటు ఒక సారథి కూడా వచ్చాడు. చింతూరు వైపు కోయగూడెంలో పుట్టిన ఇరవైరెండేళ్ళ యువకుడు. వాగు పొంగినప్పుడు దాటే విద్య అతనికే తెలుసు. ముందు తాను దిగి, చేతికఱ్ఱతో అడుగు వెదకుతూ అవతలి గట్టుదాకా నడిచేవాడు. తిరిగి వచ్చి ఇంజను ముందున్న ఫ్యాను బెల్టు విప్పేవాడు. అది తిరుగుతూ ఉంటే నీటిని ఇంజనుపై చిమ్ముతుంది, డిస్ట్రిబ్యూటరు తడిసి నడివాగులో బండి ఆగిపోతుంది. ఆ తరువాత మొదటి గేరులో, యాక్సిలరేటరుపై కాలు సడలించక, ఒకే వేగంతో దాటించేవాడు. తొందరపడినా ప్రమాదమే, సందేహించినా ప్రమాదమే. బుద్ధిని సారథి అని ఉపనిషత్తు ఎందుకు పేర్కొన్నదో ఆ వైద్యునికి పుస్తకంలో కంటే ముందుగా వాగుగట్టున తెలిసినది. లోతును ముందుగా తెలిసికొనడం, అనవసరమైన చలనాన్ని ఆపివేయడం, ఆరంభించిన తరువాత నిశ్చయం చెదరకుండా ఉండడం, ఈ మూడూ సద్బుద్ధి లక్షణాలే గదా!

1983లో జీపు స్థానంలో అంబాసడరు వచ్చినది. పశ్చిమబెంగాలులోని ఉత్తరపాడా కర్మాగారంలో 2014 వరకు తయారైన ఆ కారును ఆ తరం వారెవరూ మరువలేరు. స్టీరింగు ప్రక్కనే గేరు కడ్డీ, మంచం వంటి వెనుక సీటు. ఆ సీటు వైద్యునికి రెండవ ఆసుపత్రి అయినది. ఖమ్మం తరలించవలసిన గర్భిణులు దానిపైనే పడుకొని ప్రయాణించేవారు. ఒకమారు పాల్వంచ దాటిన తరువాత రోడ్డు ప్రక్కన, టార్చిలైటు వెలుగులో, ఆ సీటుపైనే ఒక శిశువు జన్మించినది. సారథి కారు ఆపి, వీపు త్రిప్పి, టార్చిని మాత్రం వెనుకకు పట్టుకొని చాలాసేపు కదలకుండా నిలిచాడు.

1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం వద్ద 75.6 అడుగులకు చేరినది. మూడవ ప్రమాదహెచ్చరిక 53 అడుగుల వద్దనే ఇస్తారంటే ఆ ప్రళయం ఎంతటిదో ఊహించవచ్చు. మెఱకకు తరలిన కుటుంబాలలో వైద్యుని కుటుంబమూ ఉన్నది. అంబాసడరు ఇంటి ముందరనే మునిగిపోయినది. వరద తీసిన తరువాత చూస్తే లోపల సీట్ల ఎత్తున ఒండ్రు నిండి ఉన్నది. కొత్తగూడెం మెకానిక్కు ఇంజను మొత్తం విప్పి, కడిగి, తిరిగి అమర్చాడు. కారు మరల నడిచినది. కాని ఎండాకాలంలో వేడెక్కినప్పుడల్లా దాని లోపలినుండి గోదావరి మట్టివాసన వచ్చేదని ఆ ఇంటివారు చెప్పేవారు. జీవుడు దేహాన్ని విడిచినప్పుడు వాయువు పూలనుండి గంధాన్ని కొనిపోయినట్లు సంస్కారాలను వెంట తీసికొనిపోతాడని గీతాచార్యుడు ఉపదేశించాడు. వాసన అనే మాటకు వేదాంతంలో సంస్కారమనే అర్థం ఎందుకు వచ్చినదో వివరించడానికి ఇంతకంటే సులభమైన దృష్టాంతం దొరకదు. విప్పి కడిగినా మిగిలేదే వాసన.

మూడవది 1995లో కొన్న తెల్లని మారుతి 800. 1983 డిసెంబరు 14న మొదటి కారు తాళంచెవులు కొనుగోలుదారు చేతికి అందిన నాటినుండి భారతీయ మధ్యతరగతి గృహాల స్వరూపాన్నే మార్చిన వాహనం అది. ఈ కారు వైద్యునిది కాదు, ఆయన ధర్మపత్నిది. నలుబది ఏండ్లు దాటిన తరువాత ఆమె సారథి దగ్గరనే డ్రైవింగు నేర్చుకొన్నారు. ఆ రోజులలో ఆ ఊరి వీధులలో ఒక గృహిణి కారు నడపడం అరుదైన దృశ్యం. కార్తికమాసంలో ఇరుగుపొరుగు స్త్రీలను ఎక్కించుకొని ఆమె స్వయంగా పర్ణశాలకు తీసికొనిపోయేవారు. పిల్లలు ఖమ్మంలో చదువుతున్న కాలంలో ఆదివారం వేకువనే పులిహోర డబ్బాలతో బయలుదేరేవారు.

2007లో ఆమె పరమపదించారు. కారు వేపచెట్టు క్రింద నిలిచిపోయినది. వైద్యుడు ప్రతి ఆదివారం దాని ఇంజను స్టార్టు చేసి, పది నిమిషాలు వినేవారు. ఒక్క అడుగైనా ముందుకు నడిపేవారు కాదు. మొదట బ్యాటరీ పోయినది. తరువాత ఎలుకలు తీగలను కొరికివేశాయి. ప్రైవేటు వాహనానికి రిజిస్ట్రేషను గడువు 15 సంవత్సరాలు. 2010లో అదీ ముగిసినది. పిల్లలు అమ్మివేయుమన్నారు. ఆయన మాట దాటవేశారు. ఆ కారు పోతే ఆమె జ్ఞాపకం కూడా పోవునేమో అనే భయం ఆయనకు ఉండెను. ఇది హాస్యాస్పదం కాదు. ప్రియమైన వస్తువులో ప్రియమైన వ్యక్తిని నిలుపుకొనడం మానవసహజం. శాస్త్రం దీనినే అధ్యాసకు దృష్టాంతంగా గ్రహిస్తుంది. ఒకదానియందు లేనిదానిని దానియందు ఉన్నట్లు భావించడమే అధ్యాస.

2012లో ఖమ్మం నుండి ఒక మెకానిక్కు వచ్చి విడిభాగాల కోసం దానిని తీసికొనిపోయాడు. ఆనాటి రాత్రి వైద్యునికి నిద్ర పట్టలేదు. మరునాడు, ఆ తరువాతి వారం, ఆ తరువాతి నెల గడిచాయి. స్మృతి తగ్గలేదు. వేపచెట్టు క్రింద చతురస్రాకారంగా గడ్డి మొలవని నేల కనిపించేది. కొన్నాళ్ళకు అక్కడా గడ్డి మొలిచినది. అప్పటికీ స్మృతి తగ్గలేదు. వేదాంతంలో అన్వయవ్యతిరేకమనే విచారపద్ధతి ఉన్నది. ఒకటి ఉన్నప్పుడు ఉండి, అది లేనప్పుడు లేకుండా పోయేది దానిపై ఆధారపడినది. అది లేకున్నను నిలిచి ఉండేది దానిపై ఆధారపడినది కాదు. కారు ఉన్నప్పుడు స్మృతి ఉన్నది. కారు లేనప్పుడూ ఉన్నది. కనుక స్మృతికి ఆశ్రయం కారు కాదు. ఐదు సంవత్సరాలు ఆయన కాపాడినది ఇనుమును మాత్రమే. ఆమె కాపాడవలసిన అవసరం లేని చోట ఉన్నది.

నాలుగవది 2008లో కొన్న ఇన్నోవా. అప్పటికి రోడ్లు బాగుపడ్డాయి. అత్యవసరరోగుల కోసం 2005 ఆగస్టు నుండి 108 అంబులెన్సులు తిరుగుతున్నాయి. వైద్యుని వాహనం తొలిసారిగా కేవలం ఆయన స్వంత ప్రయాణాలకే పరిమితమైనది. సారథికి యాభై దాటినది. నడుమునొప్పితో పని మాని స్వగ్రామం చేరాడు. వైద్యుడు తానే నడుపుకొనసాగారు.

2011 వర్షాకాలంలో ఒక రాత్రి సారథి ఇంటినుండి ఫోను వచ్చినది. గుండెనొప్పి. ఆ గూడెం రోడ్డు మీదకు అంబులెన్సు చేరడం ఆలస్యమౌతుందని తెలిసి వైద్యుడు ఒంటరిగా బయలుదేరారు. సారథిని వెనుక సీటులో పడుకొనబెట్టి, అతని కుమారుని ప్రక్కన కూర్చుండబెట్టి, ఖమ్మం వైపు త్రిప్పారు. ముప్పదినాలుగు సంవత్సరాలలో మొదటిసారిగా స్థానాలు మారాయి. వెనుక కూర్చున్నవాడు ముందుకు వచ్చాడు. ముందు కూర్చున్నవాడు వెనుక పడుకొన్నాడు. కన్నులు మూసికొని ఉన్నను సారథి నాలుక మాత్రం ఊరకుండలేదు. బండి ఊగిన తీరును బట్టి ఎక్కడ ఉన్నామో గ్రహించి, “సారూ, ముందు కల్వర్టు వస్తది, నెమ్మదిగా పోనీయండి,” అనేవాడు. కొంతసేపటికి, “ఎడమకు రోడ్డు తెగింది సారూ, నడుమనే ఉండండి,” అనేవాడు. వాహనం నడిపినది వైద్యుడు. దారి నడిపినది సారథి. అతడు బ్రతికాడు. మరి ఆరు సంవత్సరాలు జీవించి 2017లో మరణించాడు.

భాగవతం పంచమస్కంధంలోని జడభరతుని కథ ఇక్కడ స్మరణీయం. సింధుసౌవీరదేశాధిపతి రహూగణుడు పల్లకిలో పోతూ ఉండగా బోయీలలో ఒకడు తడబడుతున్నాడు. దారిలోని క్రిమికీటకాలను త్రొక్కకుండా అడుగు వేయడమే ఆ తడబాటుకు కారణం. రాజు ఆగ్రహించి పరిహసించాడు. మోస్తున్నదెవరు, మోయబడుతున్నదెవరు అని ఆ బోయీ తిరిగి విచారించాడు. భూమిపై పాదాలు, పాదాలపై పిక్కలు, వాటిపై తొడలు, నడుము, భుజాలు, భుజంపై పల్లకి, పల్లకిలో రాజని చెప్పబడే దేహం. ఇందులో ‘నేను రాజును’ అనేది ఎక్కడ ఉన్నది? రాజు పల్లకి దిగి నమస్కరించాడు. పల్లకి దిగడమే ఆ కథలోని ముఖ్యఘట్టం. దిగనిదే బోధ వినబడదు.

వృద్ధాప్యంలో వైద్యుడు తన వాహనాలను వరుసగా చెప్పేటప్పుడు ‘నా జీపు, నా అంబాసడరు’ అనేవారు. సారథి మరణించిన తరువాత ఆ ‘నా’ అనే అక్షరం ఆయన మాటలనుండి క్రమంగా జారిపోయినది. కాగితాలపై యజమాని పేరు ఒకటే. కాని జీపు ఎన్ని వాగులు దాటినదో యజమాని కంటే సారథికే ఎక్కువగా తెలుసు. చలిరాత్రులలో రోగి ఇంటి ముందు గంటలకొద్దీ అందులో నిరీక్షించినవాడు అతడే. అతని ఇంట మాత్రం జీవితాంతం ఒక సైకిలే ఉన్నది. మహాభారతయుద్ధంలో భగవంతుడు తనకై ఎన్నుకొన్నది రథి స్థానం కాదు, సారథి స్థానం. ఈ సత్యాన్ని పూజామందిరాలలో పటాలుగా వ్రేలాడదీసికొనే జాతి, తన కారు నడిపేవాడు భోజనం చేశాడో లేదో అడగడం మరువకూడదు.

నామరూపాల అనిత్యత్వాన్ని కూడా ఆ వాహనాల నంబరు ఫలకాలు బోధించాయి. భద్రాచలం ఒకప్పుడు తూర్పుగోదావరి జిల్లాలో ఉండెను. 1959లో ఖమ్మం జిల్లాలో చేరినది. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందినది. ఇన్నోవాపై ఉన్నది ఏపీ 20. రాష్ట్రం ఏర్పడిన తరువాత పొరుగింటివారు కొన్న కారుపై టీఎస్ 04. జిల్లా మారిన తరువాత వచ్చినవాటిపై టీఎస్ 28. 2024 మార్చి తరువాతివాటిపై టీజీ 28. ఒకే వీధిలో, ఒకే వేపచెట్ల నీడలో నాలుగు చిరునామాలు! గోదావరి మాత్రం ఏ ఫలకమూ ధరించక ప్రవహిస్తూనే ఉన్నది. నేల మారలేదు, పేరు మారినది. కుండలు, మూకుళ్ళు అనే పేర్లు ఎన్ని వచ్చినా మట్టియే సత్యమని ఛాందోగ్యం బోధించినది ఇదే.

2023లో రెండు గడువులు ఒకేసారి వచ్చాయి. ఇన్నోవాకు పదిహేను సంవత్సరాలు నిండాయి. వైద్యుని డ్రైవింగు లైసెన్సును పునరుద్ధరించవలసిన సమయమూ వచ్చినది. అందుకు కంటిచూపు సక్రమంగా ఉన్నదని వైద్యుడు ధ్రువీకరించిన పత్రం కావాలి. ఎందరో లారీ డ్రైవర్లకు అటువంటి పత్రాలపై సంతకాలు చేసిన చేయి అది. ఆయన కన్నులకు నీటికాసుల వ్యాధి సోకి కొన్నాళ్ళయినది. ఎదుటి రోడ్డు కనిపిస్తుంది. ప్రక్కనుండి వచ్చే సైకిలు కనిపించదు. అడిగితే సంతకం చేసిపెట్టే శిష్యులు చాలామందే ఉన్నారు. ఆయన ఎవరినీ అడగలేదు. తాళంచెవిని కుమారుని చేతిలో పెట్టి, “ఇక నేను నడపను,” అన్నారు.

వేదాంతం చదివినవానికి ఆ క్షణంలో దుఃఖం కలగదని చెప్పడం అసత్యం. అర్ధరాత్రి తలుపు తట్టే శబ్దం విని తాళంచెవి కోసం చేయి చాచిన మనిషి, ఆసుపత్రికి తన్ను ఎవరు తీసికొనిపోతారో ఆలోచించవలసి రావడం చిన్న మార్పు కాదు. కాని ఆ దుఃఖంలోనే విచారానికి అవకాశం ఉన్నది. దృగ్దృశ్యవివేకమనే ప్రకరణగ్రంథం చూపిన క్రమం ఇది. రూపం దృశ్యం, దానిని చూచేది కన్ను. ఆ కన్ను కూడా మనస్సుకు దృశ్యమే. అది మందగించినదని మనస్సుకు తెలుస్తున్నది. మనస్సు కూడా దృశ్యమే. అది దుఃఖిస్తున్నదని లోనున్న సాక్షికి తెలుస్తున్నది. ఆ సాక్షి మాత్రం దేనికీ దృశ్యం కాదు. చూపు తగ్గినదని తెలిసికొంటున్న ఎఱుకకు చూపు తగ్గలేదు. వాగునీటిలో జీపు దాటినప్పుడు ఏ ఎఱుక ఉన్నదో, గర్భిణి కేక విన్నప్పుడు ఏ ఎఱుక ఉన్నదో, తాళంచెవిని అప్పగించినప్పుడూ అదే ఉన్నది. వాహనాలు నాలుగు మారాయి, ఐదవదైన దేహం జీర్ణమౌతున్నది. యమధర్మరాజు రథి అని పేర్కొన్నది ఆ ఎఱుకనే.

శల్యపర్వంలో ఒక ఘట్టం ఉన్నది. యుద్ధం ముగిసిన తరువాత శ్రీకృష్ణుడు అర్జునుని ముందుగా రథం దిగమని ఆదేశించాడు. అర్జునుడు గాండీవాన్ని తీసికొని దిగిన తరువాత తాను దిగాడు. వెంటనే ఆ మహారథం భస్మమైపోయినది. ద్రోణకర్ణుల అస్త్రాలకు అది ఎప్పుడో దగ్ధమైనదని, తాను కూర్చున్నందువలననే అంతకాలం నిలిచినదని స్వామి వివరించాడు. రథం కాలిపోయినందుకు అర్జునుడు ఏడవలేదు. దాని పని ముగిసినది. ఏ వాహనానికైనా, దేహానికైనా వర్తించే న్యాయం ఇదే. అది నిలవడమూ కూలడమూ లోన ఉన్నవానిని అనుసరించియే జరుగుతాయి.

వైద్యుడు ఇప్పుడు ఖమ్మం వెళ్ళవలసివస్తే ఆర్టీసీ బస్సులో డ్రైవరు వెనుక సీటును కోరుకొంటారు. పాల్వంచ దాటిన తరువాత ఒక మలుపు వద్ద కిటికీ వైపు తిరిగి కూర్చుంటారు. శిశువు జన్మించిన చోటు అది.

పాఠకులు కూడా తమ గృహంలో ఇంతవరకు ఉన్న వాహనాలను, అవి స్కూటరులైనా కార్లైనా, ఒక కాగితంపై వరుసగా వ్రాసి చూడవచ్చు. వాటి ప్రక్కన ధరను గాని, మైలేజిని గాని వ్రాయనవసరం లేదు. ఒక్కొక్క వాహనం ఎవరిని ఏ ఆపదనుండి గట్టెక్కించినదో, దానిని ఎవరు శ్రమించి నడిపారో మాత్రం వ్రాయాలి. వ్రాసిన తరువాత ‘నాది’ అనే మాటను ఆ కాగితంపై ఎక్కడ ఉంచాలో కొంతసేపు వెదకాలి. దానికి తగిన చోటు దొరకకపోతే ఆ వెదకడం సఫలమైనట్లే.